కత్తి కాదు, దస్త్రం

పోయిన దసరాకు మంచిర్యాల పోయినప్పుడు మా చిన్నాయన నా చేతుల ఒక ఫైలు పెట్టిండు. "నువ్వేవో పత్రికలల్ల రాస్తవట గదా. మన వంశం మీద సావనీర్ వేస్తున్నం. సంక్రాంతికి అన్ని ఇండ్లోళ్లం కలుస్తున్నం, అప్పటికి చేతికి రావాలె. జర భాష సాపు చేసి, ముందుమాట నువ్వే రాయి" అన్నడు.

సరే అన్నాను. ఆయన మాట కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. హైదరాబాద్ వచ్చే రైల్లో ఫైలు తెరిస్తే కాజీపేట దాటకముందే అయిపోయింది. ముందుమాట మాత్రం ఇప్పటిదాకా రాయలేదు. ఇక రాయను. ఎందుకు రాయనో ఫోన్‌లో చెప్పబోయి రెండుసార్లు వేరే ముచ్చట్లు మాట్లాడి పెట్టేశాను. అందుకే ఇక్కడ చెప్తున్నా.

మొదలే ఒక మాట. మేము వెలమలం. లక్సెట్టిపేట దిక్కు ఒక ఊర్లో మా తాతల గడీ ఉంది. సగం కూలింది, నిలబడ్డ సగంలో గబ్బిలాలు కాపురం ఉంటున్నాయి. మా తాతను ఊరంతా దొర అన్నది. కాబట్టి దీన్ని ఇంటి మనిషి అడుగుతున్న లెక్క అనుకోండి.

ఫైల్లో నలభై పేజీలు. మొదటి పది పల్నాడు: బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కారంపూడి రణరంగం. తర్వాతి పదిహేను రాచకొండ, దేవరకొండ: రేచర్ల పద్మనాయకులు, సర్వజ్ఞ సింగభూపాలుడు. ఆ తర్వాత బొబ్బిలి: 1757 జనవరి 24, బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు. దాని వెంటనే ఒక్క వాక్యం: "తదనంతరం మన పూర్వీకులు గోదావరీ తీరమునకు విచ్చేసి, అడవులు నరికించి, గ్రామములు నెలకొల్పి, ప్రజలను కన్నబిడ్డల వలె పరిపాలించిరి." మిగతా పేజీల్లో "మన ఆచార వ్యవహారాలు", ఫోటోలు.

నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే.

పల్నాడు కృష్ణకు అవతల. రాచకొండ నల్లగొండ దిక్కు, మాకు రెండు వందల కిలోమీటర్ల పైనే. బొబ్బిలి ఉత్తరాంధ్రలో. ఈ మూడు చోట్ల నెత్తురు పారింది నిజమే. కానీ ఆ నెత్తురుకు, మా ఊరి చెరువు కింద మాకున్న తరి పొలానికి ఏం సంబంధం? కులం పేరు ఒకటి కావడం తప్ప ఇంకేం చూపిస్తారు? ముప్పై అయిదు పేజీల యుద్ధం చదివి వచ్చినవాడు ఆ "పరిపాలించిరి" దగ్గర ఆగడు. ఫిరంగి పొగ కళ్లల్లో ఉండగానే గడీ దర్వాజ దాటిపోతాడు. సావనీర్ల పని అదే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కులచరిత్రల పని కూడా అదే.

*

సరే, ఆ వీరుల మాటే విందాం. వాళ్లు తమ గురించి ఏం చెప్పుకున్నారు?

చిన్నాయన ఫైలు మనల్ని "క్షత్రియ సమానులు" అంటుంది. సింగభూపాలుడు అనలేదు. ఆయన పేరు మీద ఉన్న సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం "రసార్ణవసుధాకరం" మొదట్లోనే వంశవర్ణన ఉంది. విష్ణువు పాదాల నుంచి పుట్టిన వర్ణం మాది, ఆ పాదాల నుంచే పుట్టిన గంగ మాకు తోబుట్టువు అన్న అర్థం వచ్చేటట్టు ఉంటుంది. అంటే నాలుగో వర్ణం. దాన్ని దాచలేదు, సాకు చెప్పలేదు, గంగతో పోల్చి గర్వంగా రాయించుకున్నాడు. కాకతీయుల శాసనాల్లో కూడా ఎక్కువ వాటిలో క్షత్రియులమన్న మాట కనబడదు. ఆ కాలం శాసనాలను దగ్గరపెట్టుకుని సింథియా టాల్బట్ రాసిన పుస్తకం 2001లో వచ్చింది. నాయక, రెడ్డి, సెట్టి లాంటి బిరుదులు అప్పట్లో పుట్టుక కన్నా చేసే పనికి, సంపాదించుకున్న హోదాకు గుర్తులని ఆమె వాదన. కత్తి పట్టి ఎదిగినవాడు నాయకుడయ్యాడు. ఆ దారి కొన్నాళ్లు తెరిచి ఉంది. ఆ దారి మూసుకుపోయాక లోపల చిక్కినవాళ్లకే "వంశం" అవసరమైంది.

ఇంకో కథ. వెంకటగిరి సంస్థానం వంశచరిత్రలో కూడా ఉన్న కథ ఇది. ఆమనగల్లులో చెవ్విరెడ్డి అనే ఆయన పొలం దున్నిస్తుంటే నిధి బయటపడింది. నిధి బలి కోరింది. ఆయన దగ్గర పనిచేసే రేచడు, మాలవాడు, నన్నే బలియ్యి అన్నాడు. బదులుగా రెండు కోరాడు. మీ వంశానికి నా పేరు పెట్టుకోవాలె. మీ ఇంట్లో పెండ్లి అయితే, ముందు మావాళ్లలో ఒక జంటకు పెండ్లి చేయాలె. అట్ల వచ్చింది రేచర్ల గోత్రం.

ఇది జరిగిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఈ కథను చెప్పుకున్నది వెలమలే, దాచుకున్నదీ వెలమలే. మా సంపదకు పునాదిలో ఒక పాలేరు శవం ఉంది అని మా పూర్వీకులే ఒప్పుకున్న కథ ఇది. పూజలో గోత్రం చెప్పిన ప్రతిసారీ ఒక మాల పాలేరు పేరు పలుకుతున్నాం. చిన్నాయన ఫైల్లో రేచర్ల అన్న మాట పేజీ పేజీకీ ఉంది. రేచడు ఒక్కచోట కూడా లేడు.

బ్రహ్మనాయుడి సంగతి మరీ విచిత్రం. పల్నాటి కథలో ఆయన కీర్తి అంతా దేని మీద ఉంది? చాపకూడు మీద. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించినందుకు. మాల కన్నమదాసును కొడుకులాగ చూసుకుని సేన అప్పజెప్పినందుకు. కారంపూడిలో ఏటా జరిగే వీరారాధనలో ఇప్పటికీ చాపకూడు ఒక ఘట్టం. అట్లాంటి మనిషి పేరు చెప్పుకునే ఇంటి ముందు, మా ఊర్లో మనుషులు చెప్పులు చేతుల్లోకి తీసుకుని నడిచారు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నారు. సైకిల్ దిగి తోసుకుంటూ పోయారు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నారు.

బ్రహ్మనాయుడు మా తాత కచ్చీరుకు వచ్చి ఉంటే, పక్కన కన్నమదాసు ఉన్నందుకు ఇద్దర్నీ దర్వాజ బయటనే నిలబెట్టేవాళ్లు.

*

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మా దిక్కు భూమి ఎట్ల వచ్చింది?

మా తాత కత్తి తిప్పుతుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన చేతిలో ఉన్నది పహాణీ. మా యుద్ధభూమి కారంపూడి కాదు, తాసీల్ కచేరి.

నైజాం రాజ్యంలో మొదట శిస్తు వసూలు గుత్తకు పోయేది. ఎక్కువ పాడినవాడు ఇలాకా పట్టి, పాడినదానికి రెండింతలు రైతుల నుంచి పిండుకునేవాడు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని మార్చాడు. 1865లో జిల్లాబందీ వచ్చింది, సర్కారే నేరుగా వసూలు చేయడం మొదలైంది, తర్వాత భూమి సర్వేలు, పట్టాలు. కాగితం మీద చూస్తే మంచి సంస్కరణ. కానీ సర్కారుకు ఊర్లో ఒక చెయ్యి కావాలి. ఆ చేతులే మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. వతన్లు, అంటే వంశపారంపర్యంగా వచ్చే కొలువులు. శిస్తు వసూలు ఒకరిది, తగవులూ పోలీసు కబుర్లూ ఒకరివి, రాత ఒకరిది. చాలా ఊర్లలో మూడూ ఒకే ఇంట్లోనో, ఒకే ఇంటి కనుసన్నల్లోనో ఉండేవి. దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు కూడా పాత వసూలు అధికారం పోయినందుకు రుసుం పుచ్చుకుంటూనే, సర్వేల వేళ దస్త్రాలు తెలిసినవాళ్లుగా ముందు వరుసలో నిలబడ్డారు.

ఇక ఎట్ల జరిగిందో చెప్పడానికి చరిత్రకారుడు అక్కర్లేదు. ఏ ఊర్లోనైనా ముసలివాళ్లను అడగండి. కరువు సంవత్సరం రైతు శిస్తు కట్టలేకపోతే పటేల్ కట్టాడు, మర్నాడు పొలం పేరు మారింది. ఆకలికి నాగు తీసుకున్న వడ్లు రెండేళ్లలో బండెడయ్యాయి, ఆ బండి వెంట భూమి వచ్చింది. బంజరు ఎవరిది? రాసినవాడిది. చెరువు శిఖం ఎవరిది? రాసినవాడిది. అడవి కొట్టి చెలక చేసిన గోండు ఆ నేల తనదే అనుకున్నాడు. పట్టా అనే కాగితం ఒకటుంటదని ఆయనకు తెలిసేసరికి అది ఇంకొకరి పెట్టెలో ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చంపబడ్డ తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూసి రమ్మని హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన రాతల్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఇదే: చెమట ఒకరిది, పట్టా ఇంకొకరిది.

"అడవులు నరికించి, గ్రామములు నెలకొల్పి" అని చిన్నాయన రాసింది దీని గురించే. "నరికి" అని కాకుండా "నరికించి" అన్నాడు. పాపం, వ్యాకరణం దగ్గర మాత్రం నిజమే చెప్పిండు.

భూమి కత్తితో వచ్చి ఉంటే దానికి కత్తి లెక్క ఒకటి ఉండేది. గెలిచినవాడు గెలిచాడు, ఓడినవాడు ఓడాడు, ఇద్దరికీ గాయాలుంటాయి. దస్త్రంతో గెలిచినవాడికి గాయం ఉండదు. ఓడినవాడికి ఓడిపోయినట్టు కూడా తెలియదు. రైతు పొద్దున లేచి ఎప్పటిలాగే నాగలి కట్టుకుని పోయాడు. నిన్నటి దాకా తన పొలం, ఇయ్యాల పాలు. అంతే తేడా.

దీనికి మా ఇంట్లోనే ఒక రుజువు ఉంది. 1984లో ఎన్‌టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మా ఇంట్లో మూడు రోజులు పొయ్యి సరిగా వెలగలేదట. ఆ ముచ్చట మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. బొబ్బిలి కోట కూలిందని మా ఇంట్లో ఎవరూ పస్తులున్నట్టు వినలేదు. దస్త్రం పోయిందంటే ఉన్నారు. వంశం ప్రాణం ఎక్కడుందో ఆ మూడు రోజులే చెప్తాయి.

*

ఫైల్లో "మన ఆచార వ్యవహారాలు" అన్న అధ్యాయం ఉంది. ఒక వాక్యం: "మన ఇండ్లలో వివాహాది శుభకార్యములకు సకల కులముల వారు సంతోషముగా తమ తమ సేవలందించెడివారు."

ఆ సంతోషం పేరు ఎట్టి. పుస్తకాల భాషలో వెట్టి. కుమ్మరి కుండలు తేవాలి, గొల్ల గొర్రెపిల్లను తోలుకు రావాలి, గౌండ్ల కల్లు దించాలి, సాకలి బట్టలు ఉతికి దివిటీ పట్టాలి, మంగలి కాళ్లు పిసకాలి, వడ్లాయన పందిరి గుంజలు పాతాలి. మాదిగ మనిషి పొద్దంతా దర్వాజ దగ్గర ఉండాలి, కబురు చెప్తే పరుగెత్తాలి. కూలి లేదు. పైగా దొర ఇంట్లో పెండ్లంటే ఊరంతా నజరానా ఇవ్వాలి. మాట మీరితే దండుగ. దండుగకు రసీదు ఉండదు.

ఇంకో వాక్యం: "మన స్త్రీలు ఘోషా పాటించుచు వంశ గౌరవమును నిలిపిరి."

మా నాయనమ్మకు పదమూడేండ్లప్పుడు పెండ్లయింది. గోదావరి మా ఊరికి అయిదు కిలోమీటర్లు. ఆమె గోదావరిని చూసింది పుష్కరాలకు మాత్రమే, అదీ పరదా కట్టిన కచ్చురంలో పోయి, పరదాల నడుమ మునిగి. మొగడు పోయిన ఆడమనిషికి మళ్లీ పెండ్లి అన్న మాటే లేని కులం మాది. ఆమె చివరి ముప్పై ఏండ్లు ఒకే అర్రలో గడిచినయి. ఇది వంశగౌరవం అట. బొబ్బిలి కథలో కూడా అంతే. కోట పడిపోతుందని తెలియగానే లోపలి ఆడవాళ్లనూ పిల్లల్నూ చంపేసి మగవాళ్లు యుద్ధానికి పోయారు. 1964 నుంచి సినిమాలుగా కూడా చూస్తున్నాం, కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాం. చావాలా వద్దా అని ఆ ఆడవాళ్లను అడిగినవాడు ఎవడన్నా ఉన్నాడా అని మాత్రం ఎవరం అడగం.

ఆ పరదాకు ఇంకో పక్క ఉంది. తమ ఇంటి ఆడవాళ్ల గోరు కూడా బయటికి కనిపించకూడదన్న గడీకి, ఊరి ఆడవాళ్ల విషయంలో ఏ అడ్డూ లేదు. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి సామానుతో పాటు ఒకరో ఇద్దరో పిల్లల్ని వెంట పంపేవాళ్లు. వాళ్లను ఆడబాపలు అనేవాళ్లు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ ఆచారం గురించి ఉంది. ఆడబాపకు పెండ్లి ఉండదు. పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరు ఉండదు. తండ్రి ఎవరో ఊరంతా ఎరుకే, ఇంట్లో మాత్రం ఎవరికీ ఎరుక లేదు.

"ఆచార వ్యవహారాలు" అధ్యాయంలో ఈ ఆచారం లేదు. అరిటాకులో ఏది ఏ పక్క వడ్డించాలో మాత్రం పేజీన్నర ఉంది.

*

ఇదంతా ఏ కాలం నాటిదో అనుకుంటున్నారా? 1920లలోనే ఆంధ్ర జనసంఘం వెట్టి అక్రమమని చిన్న పుస్తకాలు వేసి పంచింది. నిజాం సర్కారు ఉత్తర్వులూ ఇచ్చింది. 1949లో జాగీర్లు పోయాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, 1973లో భూగరిష్ట పరిమితి చట్టం, 1976లో వెట్టి నిర్మూలన చట్టం. ఇన్ని వచ్చాక కూడా, 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది కూలీలు, రైతులు ఊరేగింపు తీసి అడిగిన వాటిలో వెట్టి బంద్ కావాలన్నది ఉంది, దొరలు వసూలు చేసిన దండుగలు వాపసు ఇవ్వాలన్నది ఉంది. జైత్రయాత్ర అంటే అదే. మరుసటి నెలలోనే, అక్టోబరులో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఎట్టి చేయించినన్ని రోజులు ఆ ప్రాంతంలో కల్లోలం లేదు. ఎట్టి చేయం అన్నరోజు నుంచి కల్లోలం మొదలైంది, సర్కారు లెక్కలో.

గోదావరికి అవతలి ఒడ్డున అది జరుగుతుంటే, ఇవతల లక్సెట్టిపేట దిక్కు కూడా సంఘాలు వచ్చాయి. సాకలి, మంగలి గడీకి పోవడం ఆపారు. మా తాత జీవితంలో మొదటిసారి తన గడ్డం తనే గీసుకున్నాడట, చెంప కోసుకున్నాడట. మా వంశంలో నాకు తెలిసిన రక్తపాతం అదొక్కటే.

ఎదురు తిరగకుండా వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. మంచిర్యాల చుట్టుపక్కల బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల మీదికి పల్లెల నుంచి వచ్చినవాళ్లల్లో ఎంతమంది గడీని తప్పించుకుని వచ్చారో సింగరేణి కార్మికుల ఇండ్లల్ల కూర్చుంటే తెలుస్తది. భూమి పైన బతకలేక భూమి కిందికి దిగారు. బాయిల ప్రాణానికి భరోసా లేదు, కానీ నెలకు జీతం ఉంది, ముఖం ఎత్తి నడవొచ్చు. "పరిపాలించిరి" అన్న మాటకు ఇంతకన్నా పెద్ద జవాబు ఏం కావాలి? కన్నబిడ్డలు ఇల్లు వదిలి పాతాళానికి పోతారా?

ఈ చరిత్ర ఎవరూ రాయలేదా అంటే, మన సాహిత్యం రాసింది. దాశరథి రంగాచార్య 1969లోనే "చిల్లర దేవుళ్లు"లో గడీ లోపలి అర్రలు తెరిచి చూపించాడు. మంథని పక్క గాజులపల్లిలో పుట్టి మంచిర్యాలలో ఉన్న అల్లం రాజయ్య "కొలిమంటుకున్నది", "ఊరు" నవలల్లో మా దిక్కు పల్లెలు ఎట్ల లేచి నిలబడ్డాయో రాశాడు. మా ఇంట్లో ఆ పుస్తకాలు లేవు. నేను మొదటిసారి వాటిని హైదరాబాద్‌లో హాస్టల్ రూంలో, ఒక మిత్రుడి దగ్గర తీసుకుని చదివాను. మా ఊరి గురించి నాకు తెలిసింది మా ఇంట్లో కాదు, ఆ నవలల్లో.

ఇది ఈ వెబ్‌జైన్ చదివే మిత్రులకు కూడా చెప్పాలి. మనకు ఇప్పుడు గడీల మీద కొత్త మోజు పుట్టింది. డంగుసున్నం గోడలు, టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు. ఒక వాన, ఒక ఊయల, ఒక ఒంటరి దొరసాని. కథలొస్తున్నాయి, 2019లో "దొరసాని" అన్న పేరుతోనే ప్రేమకథ సినిమా వచ్చింది. కూలిన గడీ ముందు పట్టుచీరతో ఫోటోషూట్లు, రీళ్లు. నేనూ ఒకప్పుడు మా గడీ ఫోటో పెట్టి వందల లైకులు తెచ్చుకున్నవాడినే. అందాన్ని కాదనను, టేకు స్తంభం అందంగానే ఉంటుంది. ఆ దూలాన్ని అడవి నుంచి మోసుకొచ్చినవాడికి కూలి ముట్టిందా అన్న ప్రశ్న కూడా ఆ స్తంభానికే కట్టేసి ఉంటుంది. అది అడగకుండా రాసిన గడీ కథ ఎంత మంచి తెలుగులో ఉన్నా నా దృష్టిలో చిన్నాయన సావనీర్‌కు అనుబంధమే.

*

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. మూడున్నాయి.

మొదటిది: "అన్ని వెలమ ఇండ్లు గడీలు కావు, గడీలన్నీ వెలమలవీ కావు." రెండూ నిజమే. నాలుగెకరాల చెలకతో కష్టపడ్డ వెలమలు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఎవరి కొలువులో గూండాల కాల్పులకు 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడో ఆ విసునూరు దేశ్‌ముఖ్ రెడ్డి. బ్రాహ్మణ దేశ్‌పాండేలున్నారు, ముస్లిం జాగీర్దార్లున్నారు. వాళ్ల సావనీర్లకు ముందుమాట వాళ్ల పిల్లలు రాస్తారో మానుతారో వాళ్లిష్టం. నాకు వచ్చింది మా ఫైలు. ఇంకో సంగతి. నాలుగెకరాల వెలమకు ఈ "పరిపాలించిరి"లో వాటా ఎందుకు ఇస్తున్నారు? ఆయనకు భూమిలో వాటా ఇవ్వలేదు, గర్వంలో మాత్రం ఇస్తున్నారు. ఖర్చు లేని పంపకం.

రెండోది: "మనవాళ్లల్ల మంచోళ్లు లేరా?" ఉన్నారు. సిరిసిల్ల నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రాజేశ్వరరావు వెలమ ఇంట్లో పుట్టి కమ్యూనిస్టు అయ్యాడు. జగిత్యాల సంఘాల్లో తిరిగిన పిల్లల్లో గడీల పిల్లలూ ఉన్నారు. ఫైల్లో మరి వాళ్ల పేర్లెందుకు లేవు? కులానికి వ్యతిరేకంగా నిలబడ్డవాడిని, కులం మీద నింద పడ్డప్పుడు మాత్రమే బయటికి తీస్తాం. అయ్యాక మళ్లీ లోపల పెడతాం.

మూడోది, అన్నిటికన్నా మెత్తగా చెప్పేది: "అయిపోయిన ముచ్చట్లు ఇప్పుడెందుకు బిడ్డా?" దీనికి నా జవాబు ఒక్కటే. 1757 అయిపోలేదు గానీ 1978 అయిపోయిందా? పల్నాటి యుద్ధం నిన్నటిలాగ గుర్తున్నప్పుడు, నాయనమ్మ పక్క అర్రలో పడుకున్న మనిషి పేరు ఎట్ల మరిచిపోయినం?

*

ఆ మనిషి గురించి చెప్పి ఆపేస్తా.

ఫైలు చివర ఒక పాత గ్రూప్ ఫోటో ఉంది. గడీ మెట్ల మీద తాత, ఆయన తమ్ముళ్లు, కుర్చీల్లో ముసలివాళ్లు, ముందు చాప మీద పిల్లలు. కింద చిన్నాయన అందరి పేర్లు వరుసగా రాయించిండు, ఒళ్లో ఉన్న ఆర్నెల్ల పిల్లతో సహా. ఎడమ అంచున, గోడకు ఆనుకుని, ఒకామె నిలబడి ఉంది. ఆమె చేతుల్లో మా నాయన ఉన్నడు. నాయన పేరుంది. ఆమె పేరు లేదు. సావనీర్ కోసం ఫోటోను ఇంకొంచెం కత్తిరించాలని డిజైనర్ పెన్సిల్‌తో గీత గీశాడు. ఆ గీత ఆమె భుజం మీంచి పోతుంది.

ఎవరామె అని ఫోన్ చేసి అడిగితే చిన్నాయన "అదేందిరా, ఆమె మనింటి మనిషే గదా. మీ నాయనమ్మతోని వచ్చింది" అన్నడు. పేరేంటిదంటే కాసేపు ఆలోచించి "మేం అందరం ముసల్ది అనేటోళ్లం" అన్నడు. మా నాయనను పెంచింది ఆమె. ఈ ఫోటోలో ఆమెకు పాతికేండ్లు కూడా ఉండవు.

మనింటి మనిషి. ఆమె ఇల్లు ఏది? ఇంటిపేరు ఏంటిది? మనింటి మనిషైతే భూమిలో ఆమె పాలెంత? చనిపోతే మైల పట్టినమా? ఏటా పెత్రమాసకు ఆమె పేరన బియ్యం ఇచ్చినమా?

పోయిన నెల ఊరికి పోయి వాడలో అడిగాను. మాటలు అంత తేలిగ్గా రాలేదు. గడీ పిల్లగాడు వచ్చి పేర్లు అడుగుతుంటే ఎవరికైనా అనుమానమే. చివరికి ఒక పెద్దమ్మ చెప్పింది, పేరు, పుట్టిన ఊరు కూడా. ఆమెకు ఒక కొడుకు అని, బాయిలో పనిచేసి రిటైర్ అయ్యి పోయిండని, మనుమలు మంచిర్యాలలోనే ఉన్నరని. ఆ కొడుకు ముఖం ఎవరి పోలికనో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాలా వద్దా అన్నది ఆ మనుమలు చెప్పాలి, నేను కాదు. వాళ్ల దగ్గరికి పోవడానికి నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు. పోవాలె.

చిన్నాయనా, ముందుమాట రాయమంటే రాస్తా. "పరిపాలించిరి" కొట్టేసి ఆ చోట ఎవరు దున్నిండ్రో, ఎవరు మోసిండ్రో, ఎవరి పేరు మీదికి ఎవరి భూమి వచ్చిందో దస్త్రాలు తెచ్చి పెట్టండి. మన ఇంట్లో పెట్టెల నిండ ఉన్నయి గదా. రేచని కథ మొదటి పేజీలో వేయండి. ఫోటోను మాత్రం కత్తిరించకండి. ఆ పేరు కోసం ఒక ఖాళీ ఉంచండి, అప్పటిదాకా.